నూటికి ఐదుగురు: ఆ ఐదుగురు ఎవరు?



ఒక ఆదివారం రెండవ పూజ ముగిసిన తర్వాత ఒక యువకుడు నా కోసం గుడి వెనుక వరండాలో నిలబడి ఉన్నాడు. ఆ వచ్చే వారం నుంచి గుడిలో చదవవలసిన అతని వివాహ ప్రకటనలను ఆపమని అడగడానికి వచ్చాడు. కారణం అడిగాను. పనిచేస్తున్న కంపెనీలో తీసేసి నాలుగు నెలలైందట. అమ్మాయి తరఫువారు "ఉద్యోగం చూసుకున్నాక మాట్లాడుకుందాం" అన్నారట. అతనిని ఓదార్చాలని నేను వెంటనే నోరు తెరిచాను. "బాధపడకు బాబూ! దేశంలో నిరుద్యోగం తగ్గుతోందని మొన్ననే పేపరులో చదివాను. పైగా మనం ఉన్నది హైదరాబాదులో. ఇక్కడ పని దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుంది?" అన్నాను.

అతను తల వంచుకుని, "అందరూ అదే మాట అంటున్నారు ఫాదర్. ఇక్కడ కూడా దొరకలేదంటే తప్పు నాలోనే ఉందేమోనని భయంగా ఉంది" అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నేను ఓదార్పు అనుకుని ఇచ్చినది అతని చేతికి నేరారోపణగా చేరింది. నేను అబద్ధం చెప్పలేదు, పేపరులో ఉన్నదే చెప్పాను. నిజమైన అంకె ఒక నిర్దోషిని దోషిగా ఎలా నిలబెట్టింది? దేశం లెక్కతో నగరం లెక్కను, నగరం లెక్కతో ఒక మనిషి బ్రతుకును పోల్చి చూడడం ఎంతవరకు న్యాయం? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచిన ప్రశ్న ఇదే.

ముందుగా ఆ అంకెలేమిటో చూద్దాం. మన దేశంలో ఉపాధి, నిరుద్యోగాలను 2017 నుంచి కేంద్ర గణాంక శాఖ వారు ఒక క్రమబద్ధమైన సర్వే ద్వారా కొలుస్తున్నారు. 2017-18లో దేశంలో నిరుద్యోగం 6.1 శాతం. 2023-24 నాటికి అది 3.2 శాతానికి దిగింది. ఆ 3.2 శాతాన్ని విడదీసి చూస్తే గ్రామాల్లో 2.5, పట్టణాల్లో 5.1 శాతం. అంటే పట్టణాల్లో నిరుద్యోగం గ్రామాల్లో కంటే రెండింతలు! పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ వయసు వారిని మాత్రమే తీసుకుంటే దేశం మొత్తం మీద అది 10.2 శాతం.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. పని కోసం జనం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నారు? మా విచారణలోని కుటుంబాల్లో సగం గుంటూరు, ఖమ్మం, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చినవే. అక్కడ పని లేకనే వచ్చారు. మరి లెక్క చూస్తే వారు వదిలి వచ్చిన పల్లెలో నిరుద్యోగం తక్కువ, వచ్చి చేరిన నగరంలో ఎక్కువ! వీరందరూ దారి తప్పారా, లేక లెక్క తప్పిందా?

ఎవరూ తప్పలేదు. ఆ లెక్క దేనిని కొలుస్తుందో మనకు తెలియకపోవడమే చిక్కు. నిరుద్యోగ శాతం అంటే మొత్తం జనాభాలో పని లేనివారి వాటా కాదు. పని చేస్తున్నవారిని, పని కావాలని కోరుతున్నవారిని కలిపి ఒక రాశిగా పోసి, అందులో పని దొరకనివారు నూటికి ఎందరని చూస్తారు. పల్లెలో అరెకరం పొలం మీద నలుగురు అన్నదమ్ములు పడి ఉంటే, ఇద్దరికి సరిపడే పనిని నలుగురూ పంచుకున్నా, లెక్కలో నలుగురూ పనివారే. పేదవాడికి నిరుద్యోగిగా ఉండే స్తోమత కూడా లేదు. ఈ పూట ఏదో ఒక పని చేయకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకే చదువు రానివారిలో నిరుద్యోగ శాతం అతి తక్కువగానూ, బాగా చదివినవారిలో ఎక్కువగానూ కనబడుతుంది. తగిన పని కోసం కొన్నాళ్ళు ఎదురుచూడగలిగినవాడే నిరుద్యోగిగా నమోదవుతాడు.

నగరం ఆ ఎదురుచూపులకు నిలయం. చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టుపక్కల, అశోక్‌నగర్ సందుల్లో, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎదురుచూస్తున్న బిడ్డలను మీరు చూసే ఉంటారు. 2022లో తెలంగాణలో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వెలువడితే దాదాపు 3,80,000 మంది దరఖాస్తు చేశారు. ఆ ప్రాథమిక పరీక్ష 2023లో ఒకసారి రద్దయి, మళ్ళీ జరిగి, మళ్ళీ రద్దయింది. ఆ రెండేళ్ళు హాస్టలు అద్దెకు ఊళ్ళో అమ్మిన గొర్రెలెన్నో, కుదువ పెట్టిన పుస్తెలతాళ్ళెన్నో ఏ సర్వేలోనూ ఉండవు.

1970లో హారిస్, టొడారో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం చేశారు. పల్లెవాసి నగరానికి బయలుదేరేటప్పుడు అక్కడ దొరికే జీతాన్ని ఒక్కటే చూడడు. అది దొరికే అవకాశం ఎంతో కూడా లోలోపల లెక్క వేసుకుంటాడు. జీతం తగినంత ఎక్కువైతే, దొరకకపోయే ప్రమాదం ఉన్నా బయలుదేరుతాడు. కాబట్టి నగరంలో కొత్త ఉద్యోగాలు పుడితే, వాటి కోసం అంతకు మించిన మంది రావచ్చు, అప్పుడు అక్కడి నిరుద్యోగం పెరగనూవచ్చు అని వారు వివరించారు. దీనిని బట్టి నాకు తోచినది ఒకటుంది. నిరుద్యోగ శాతాన్ని మనం నిరాశకు కొలత అనుకుంటాము. నిజానికి అది ఆశకు కూడా కొలతే. ఇంకా వెదకుతున్నవాడే అందులో ఉంటాడు.

దీనికి మరొక వైపు ఉంది, అది భయంకరమైనది. వెదకడం మానుకున్నవాడు లెక్కలో నుంచి జారిపోతాడు. మా విచారణలో బి.ఇడి. చదివిన ఒక సోదరి ఆరేళ్ళు ప్రయత్నించి విసిగిపోయింది. "ఏం చేస్తున్నావమ్మా?" అంటే, "ఇంట్లోనే ఉంటున్నాను ఫాదర్" అంటుంది. ఆమె ప్రయత్నిస్తున్నంత కాలం నిరుద్యోగి. ఆశ వదులుకున్న రోజు నుంచి కాదు. ఆమె ఆశ చచ్చిపోగానే నగరపు అంకె ఒక వెంట్రుకవాసి మెరుగుపడింది! మనిషికి పని దొరికినా తగ్గి, మనిషి ఓడిపోయినా తగ్గే అంకెను చూసి మన అంతరాత్మ ఎలా నిదురపోగలదు?

2020ని గుర్తు చేసుకోండి. ఆ సంవత్సరం ఏప్రిల్ నుంచి జూన్ వరకు పట్టణాల్లో నిరుద్యోగం 20 శాతం దాటింది. మన నగరంలో మేడ్చల్ మీదుగా నాగపూర్ దారిలో మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిన వలస కూలీలను మనం కళ్ళారా చూశాము. వారిని స్వస్థలాలకు చేర్చే ప్రత్యేక రైళ్ళలో మొట్టమొదటిది లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. ఆ రోజు మే 1. లోకానికి అది కార్మిక దినం. మనకు 1955 నుంచి శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగ. ఆ రోజున మన నగరాన్ని కట్టిన కూలీలు నగరాన్ని విడిచి వెళ్ళారు.

ఇప్పుడు లెక్క చూడండి. 2019 జూలై నుంచి 2020 జూన్ వరకు గల సర్వే సంవత్సరంలో, ఆ విపత్తు కూడా కలిసి ఉన్న సంవత్సరంలో, దేశంలో వార్షిక నిరుద్యోగం 5.8 నుంచి 4.8 శాతానికి తగ్గినట్లు తేలింది. అదే సంవత్సరం పనివారిలో వ్యవసాయం మీద ఉన్నవారి వాటా 42.5 నుంచి 45.6 శాతానికి పెరిగింది. నగరంలో పని పోయినవాడు ఊరు చేరి అన్నదమ్ముల పొలంలో దిగితే లెక్కలో అతడు పనివాడే. లెక్క వేసినవారు మోసం చేయలేదు, వారి నిర్వచనం ప్రకారం సరిగ్గానే వేశారు. అయినా ఆ సంవత్సరం దేశం మెరుగుపడిందని ఎవరైనా అంటే, లింగంపల్లి స్టేషనులో ఆ రోజు నిలబడినవారికి ఏమని జవాబు చెబుతాము?

అయితే అంకెలు వద్దందామా? వద్దు. లెక్క పెట్టని బాధను ఏ ప్రభుత్వమూ పట్టించుకోదు. లెక్క ఉండబట్టే గదా నేను ఈ నాలుగు మాటలు వ్రాయగలుగుతున్నాను! మన దేశపు గణాంక నిపుణులు ఈ పరిమితులు ఎరుగనివారు కారు. ప్రొఫెసర్ దంత్వాలా అధ్యక్షతన పనిచేసిన నిపుణుల సంఘం 1970లోనే మన వంటి దేశంలో నిరుద్యోగాన్ని ఒకే అంకెలో ఇమడ్చడం తగదని చెప్పింది. అందుకే నేటికీ ఒకటికి మించిన కొలబద్దలు ఉన్నాయి. పైన చెప్పిన 3.2 శాతం ఏడాది పొడవు పరిస్థితిని చూసి చెప్పినది; అందులో సంవత్సరానికి ముప్పై రోజులు పని దొరికినవాడు కూడా పనివాడే. వారం కొలబద్ద వేరు. దాని ప్రకారం 2025 ఏప్రిల్‌లో దేశం మొత్తానికి 5.1, పట్టణాలకు 6.5, గ్రామాలకు 4.5 శాతం. పైగా పట్టణమంటే మన మహానగరమూ, చిన్న మున్సిపాలిటీ ఒకే సంచిలో పడతాయి. మహానగరంలోనూ అంతా ఒకటి కాదు. ఒకనాడు సనత్‌నగర్ నుంచి బాలానగర్ వరకు ఆల్విన్, ఐ.డి.పి.ఎల్., హెచ్.ఎం.టి. వంటి కర్మాగారాల సైరన్‌తోనే పొద్దు పొడిచేది. అవి చితికిపోతున్న 1990లలోనే, 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తలుపులు తెరుచుకున్నాయి. సగటు తీస్తే నగరం బాగుపడిందనే చెప్పాలి. కాని బాలానగర్‌లో పని పోయిన నలభై అయిదేళ్ళ ఫిట్టరు మాదాపూర్‌లో ఏ తలుపు తట్టాలి?

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన ఒక విషయం నా మనసులో నాటుకుంది. వైద్యుడు మనిషి అనే సామాన్య భావనకు మందు ఇవ్వడు. కాలియాస్‌కో, సోక్రటీసుకో, ఎదుట ఉన్న ఒక మనిషికి ఇస్తాడు. శాస్త్రం అందరి గురించి తెలుసుకుంటుంది గాని, చేయవలసిన పని మాత్రం ఎప్పుడూ ఒకరికే చేయాలి. నిరుద్యోగ శాతం రాజధానిలో బడ్జెట్ వ్రాసేవారికి కావలసిన జ్ఞానం. దానిని తెచ్చి వరండాలో నిలబడిన యువకుడి ముందు పెట్టడం, జ్వరంతో ఉన్నవాడికి ఊరి ఆరోగ్య నివేదిక చదివి వినిపించడం వంటిది. నేను చేసిన పొరపాటు అదే.

ఆ పొరపాటు వెనుక మన భాషలోనే పాతుకుపోయిన ఒక తీర్పు కూడా ఉంది. "ఉద్యోగం పురుష లక్షణం" అంటాము. దానికి తోకగా, "అది పోవుట అవలక్షణం" అని నవ్వుతాము. కాని ఉద్యోగం అనే మాటకు సంస్కృతంలో మొదటి అర్థం నెలజీతం కాదు. పూనిక, ప్రయత్నం. మహాభారతంలో ఉద్యోగపర్వం ఉంది కదా! అందులో ఎవరూ కొలువులో చేరలేదు. సంధి కోసం, యుద్ధం కోసం ప్రయత్నాలు సాగాయి. ఆ అర్థంలో చూస్తే ప్రతి ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని, మూడు బస్సులు మారి ఇంటర్వ్యూకు వెళ్ళే ఆ యువకుడిని మించిన ఉద్యోగి ఎవరు? అతనికి లేనిది జీతం. పూనిక కాదు. స్త్రీలనైతే ఆ సామెత లెక్కలోకే తీసుకోలేదు. కడుపు నిండినవారు కట్టిన సామెతలతో ఆకలిగొన్నవారిని కొలవకండి.

కొందరు విశ్వాసులు నాతో, "పని చేయనివాడు తినకూడదని పౌలుగారే వ్రాశారు కదా ఫాదర్!" అంటారు. తెస్సలోనిక ప్రజలకు వ్రాసిన రెండవ లేఖను తెరిచి శ్రద్ధగా చదవండి. అక్కడ మందలించబడినవాడు పని చేయడానికి ఇష్టపడనివాడు. పని దొరకనివాడు కాడు. ఈ రెండింటికి మధ్య ఉన్న దూరం ఒక మనిషి పరువంత. రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో మానవ శ్రమపై వెలువరించిన విశ్వలేఖలో, నిరుద్యోగం ఏ సందర్భంలోనైనా కీడేననీ, ఒక స్థాయికి చేరితే అది సమాజానికే విపత్తు కాగలదనీ బోధించారు. శాతం తక్కువగా ఉన్నంత మాత్రాన మిగిలినవారికి కీడు మేలు కాదన్నమాట.

మత్తయి సువార్త ఇరవయ్యవ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమానిని చూడండి. ఉదయం ఆరున్నర పూజకు వచ్చేవారు చౌరస్తాలో అడ్డా మీద టిఫిను డబ్బాలతో నిలబడిన కూలీలను దాటుకునే గుడికి వస్తారు. ఆ యజమాని అటువంటి అడ్డాకు ఒక్క రోజులో ఐదుసార్లు వెళ్ళాడు. సాయంత్రం ఐదు గంటలకు ఇంకా నిలబడి ఉన్నవారిని, ఎందుకు ఊరకే ఉన్నారని అడిగాడు. తమను ఎవరూ పనికి పిలువలేదని వారన్నారు. గమనించండి, ఆయన ఆ మాటను నమ్మాడు! ప్రక్క ఊరిలో పని దొరుకుతోంది కదా, అందరికీ దొరికినప్పుడు మీకెందుకు దొరకలేదు అని తర్కించలేదు. పనికి పంపాడు. వారు పనిచేసినది ఒక్క గంట.

ఆ ఒక్క గంట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. మన సర్వేలోని వారం కొలబద్ద ప్రకారం, గడచిన ఏడు రోజుల్లో కనీసం ఒక గంట పని దొరికినవాడు ఆ వారానికి ఉపాధి ఉన్నవాడే. ఒక్క గంట పనిని నిండు పనిగా లెక్కించడంలో మన సర్వే, సువార్తలోని యజమాని ఒకే మాట మీద ఉన్నారు! అయితే ఆయన ఒక్క గంటకు నిండు కూలి ఇచ్చాడు. మనం ఒక్క గంటకు నిండు లెక్క మాత్రం ఇస్తున్నాము. లెక్క వారి పని చూసింది. యజమాని వారి ఇంట్లో రాత్రి వెలగవలసిన పొయ్యిని చూశాడు.

"మేమేమి చేయగలం ఫాదర్? ఉద్యోగాలు ఇవ్వవలసింది ప్రభుత్వం" అంటారా? నిజమే, పెద్ద బాధ్యత వారిదే. పల్లెలకు పని హామీ ఇచ్చే పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. నగరాల్లోని పేదలకు దేశమంతటా వర్తించే అటువంటి చట్టం లేదు. దానిని గట్టిగా అడగవలసిందే. కాని మనలో యజమానులు లేరా? ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్నవారు, దుకాణం నడిపేవారు, మేస్త్రీలు, మన మేత్రాసనంలోని పాఠశాలలు, ఆసుపత్రులు, నాతో సహా విచారణ గురువులు అందరూ ఎవరో ఒకరికి యజమానులే. మనం పిలిచే పనికి కూలి ఎంత ఇస్తున్నాము? అడ్డా మీద ఇందరు ఉన్నారు కదా, ఇంకా తక్కువకు వస్తారని బేరం ఆడిన రోజు లేదా? నిరుద్యోగ శాతాన్ని మనం కూడా మన లాభానికి వాడుకుంటున్నామని ఒప్పుకుందాం.

రెండవది, మన నాలుక. గుడి ముందు కలిసిన యువకుడిని "ఇంకా ఏమీ దొరకలేదా?" అని పలకరించకండి. ఆ "ఇంకా" అనే మాట ఎంత బరువో దానిని మోసేవాడికే తెలుసు. "ఎలా ఉన్నావు, భోజనం చేశావా" అనండి. మీ ఆఫీసులో ఖాళీ ఉందని తెలిస్తే ఫోను చేసి చెప్పండి.

ఆ యువకుడి సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి వారం నేనే వారి ఇంటికి వెళ్ళి, ఆ రోజు నేను అన్న మాటకు క్షమాపణ అడిగాను. అతను చాలా సిగ్గుపడ్డాడు, వాళ్ళమ్మగారు టీ పెట్టారు. ఇప్పుడు అతను మోటారు సైకిలు మీద ఇళ్ళకు భోజనం పార్శిళ్ళు చేరవేస్తున్నాడు. మన దేశంలో 2020-21లో అటువంటి పనుల్లో 77 లక్షల మంది ఉన్నారని నీతి ఆయోగ్ అంచనా వేసింది. కొన్ని రోజులు పది గంటలు పని, కొన్ని రోజులు రెండు గంటలు. సర్వేవారు తలుపు తడితే అతను ఉపాధి గలవాడే. మన నగరపు శాతం అతని వల్ల తగ్గినట్టే.

పెళ్ళి మాటలు మాత్రం మళ్ళీ మొదలు కాలేదు. అతని వివాహ ప్రకటన కాగితం నా బల్ల సొరుగులో ఉంది. చింపలేదు. ఏదో ఒక ఆదివారం దానిని గుడిలో గట్టిగా చదవాలని ఉంది. ఆ రోజు వచ్చేలోగా, మీ వీధిలో కూడా అటువంటి కాగితం ఎవరి సొరుగులోనైనా ఉందేమో ఒకసారి విచారించండి.